నాగసాకి: ఒంటికాలి తోరణం దగ్గర

ట్రాము వెనక తలుపులోంచి ఎక్కండి. డబ్బులు ఇప్పుడే తియ్యక్కర్లేదు, దిగేటప్పుడు డ్రైవరు పక్కనున్న పెట్టెలో వేస్తే చాలు. నాగసాకి వీధుల్లో ట్రాములు 1915లో మొదలయ్యాయి, ఇప్పటికీ తిరుగుతున్నాయి. రెండువైపులా కొండలు, వాటి మీద అంచెలంచెలుగా ఇళ్లు. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లు చాలామంది తిన్నగా పీస్ పార్క్‌కి వెళ్తారు. మనం ముందే, యూనివర్సిటీ ఆసుపత్రి స్టాపులో దిగుదాం.

సందు మలుపు తిరిగితే రాతిమెట్లు, వాటి పైన సగం తోరణం. సన్నో షింటో గుడికి వెళ్లే దారిలో నిలిపిన రాతి ద్వారం ఇది. 1945 ఆగస్టు 9, పగలు 11:02. ఇక్కడికి సుమారు 800 మీటర్ల దూరంలో, నేలకి 500 మీటర్ల ఎత్తున అణుబాంబు పేలింది. అటువైపు స్తంభం ఎగిరిపోయింది. ఇటువైపుది మాత్రం తన వంతు అడ్డదూలాన్ని మోస్తూ అలాగే నిలబడిపోయింది. దీన్ని తీసి మ్యూజియంలో పెట్టలేదు, రెండో కాలు కట్టి అతకనూ లేదు. రాలిన ముక్కలు ఆ దగ్గర్లోనే ఉన్నాయి. ఒక్కసారి కింద నిలబడి తలెత్తండి. దూలం తెగిన చోట ఇక ఆకాశమే.

ఇంకాస్త ముందుకి నడిస్తే రెండు పెద్ద కర్పూర వృక్షాలు. ఆ రోజు ఆకులన్నీ మాడిపోయి, కొమ్మలు విరిగి, మోడులైపోయిన చెట్లివి. ఇక బతకవనుకున్నారు. మళ్లీ చిగురించాయి. ఇప్పుడు వాటి నీడలో గాలి వీస్తుంటే ఆకుల చప్పుడు వినండి. పేలుడు ధాటికి దూసుకొచ్చిన రాళ్లు ఒక చెట్టు తొర్రలో దొరికాయి.

పీస్ పార్క్‌కి తర్వాత వెళ్దాం. అక్కడి 9.7 మీటర్ల కంచు విగ్రహాన్ని అందరూ ఫోటో తీసుకుంటారు. నేనైతే మిమ్మల్ని ముందు నీటి ఫౌంటెన్ దగ్గర నిలబెడతాను. ఒళ్లు కాలి, దాహం దాహమంటూ ప్రాణాలు విడిచినవాళ్ల కోసం కట్టింది అది.

మళ్లీ ట్రామెక్కి దెజిమాకి. 1636లో సముద్రంలో మట్టి పోసి విసనకర్ర ఆకారంలో కట్టిన దీవి. 1641 నుంచి రెండు వందల ఏళ్లకు పైగా డచ్చివాళ్లని ఇక్కడే ఉంచారు, అనుమతి లేకుండా ఊళ్లోకి అడుగుపెట్టనివ్వలేదు. ఇప్పుడు చుట్టూ పూడ్చేశారు కాబట్టి దీవిలా కనిపించదు. తిరిగి కట్టిన గిడ్డంగుల్లో తిరుగుతుంటే తెలుగువాడికి ఊరికే ఉండబుద్ధి కాదు. మచిలీపట్నంలో వర్తకం చేసింది కూడా ఈ డచ్చివాళ్ల వర్తక కంపెనీయే. కోరమాండల్ తీరం అద్దకం బట్టలు దాని ఓడల్లోనూ జపాను చేరాయి. మన అద్దకంవాళ్ల చేతిపని ఈ దీవి మీదుగా కూడా లోపలికి వెళ్లిందన్నమాట.

పొద్దు వాలకముందే గ్లోవర్ తోట ఎక్కాలి. స్కాట్లండు వ్యాపారి థామస్ గ్లోవర్ 1863లో కట్టించుకున్న ఇల్లు అక్కడుంది. వరండాలోంచి కింద రేవంతా కనిపిస్తుంది. అవతలి ఒడ్డున ఓడల కార్ఖానాలో సుత్తి ఆకారపు క్రేను చూశారా? 1909లో ఆ కార్ఖానాలో నిలబెట్టారు. 150 టన్నులు ఎత్తగలదు. బాంబు పడిన రోజూ అది ఆ కార్ఖానాలోనే ఉంది, కూలలేదు. ఆ తర్వాత కూడా దాని పని దానిదే, బరువులెత్తుతూనే వచ్చింది.