పారిష్ కౌన్సిల్ (ఇంగ్లండ్)

ఇంగ్లండ్ స్థానిక స్వపరిపాలనలో అన్నిటికన్నా కింది అంచె పారిష్ కౌన్సిల్. ఓటర్లు ఎన్నుకున్న సభ్యులు, జీతానికి పనిచేసే ఒక క్లర్క్, ఊరివాళ్ల నుంచి ఏటా వసూలయ్యే కొద్దిపాటి పన్ను దీనికి ఆధారం. దేశం మొత్తం మీద ఇలాంటి కౌన్సిళ్లు సుమారు 10 వేలు ఉన్నాయి. చిన్న పట్టణాల్లో ఇదే సంస్థను టౌన్ కౌన్సిల్ అంటారు, అధ్యక్షుణ్ణి మేయర్ అని పిలుస్తారు. పారిష్ అంటే మొదట ఒక చర్చి పరిధిలోని ఊరు. ఈనాటి కౌన్సిల్‌కు మాత్రం చర్చితో చట్టపరమైన సంబంధం లేదు. చర్చి వ్యవహారాలు చూసే మండలి వేరే ఉంది. పారిష్ కౌన్సిల్ చేతిలో పెద్ద అధికారాలు ఎన్నడూ లేవు. ఊరి వ్యవహారం కొద్దిమంది కూర్చునే గదిలో నుంచి అందరూ చూడగల చోటికి ఎలా వచ్చిందన్నదే దీని చరిత్రలో ముఖ్యాంశం.

వెస్ట్రీ కాలం

మధ్యయుగాల్లో పారిష్ ప్రధానంగా మతపరమైన విభాగం. చర్చి మరమ్మతులు, దాని సొమ్ము చూడడానికి ఊరివాళ్లు చర్చివార్డెన్లను ఎన్నుకునేవారు. గురువు అంగీలు ధరించే గదికి వెస్ట్రీ అని పేరు. ఊరి పెద్దలు అక్కడ సమావేశం కావడంతో ఆ సమావేశానికీ అదే పేరు వచ్చింది.

16వ శతాబ్దంలో రాజ్యం తన బరువు ఒక్కొక్కటిగా పారిష్ మీద పెట్టింది. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు ప్రతి పారిష్‌లోనూ పుస్తకంలో నమోదు చేయాలని 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆదేశించాడు. 1555 నాటి రహదారుల చట్టం బాటల బాగోగులు పారిష్‌కు అప్పగించింది. ఇంటివాళ్లు ఏటా నాలుగు రోజులు కూలి లేకుండా రోడ్డు పని చేయాలి. 1563లో ఆ లెక్క ఆరు రోజులైంది. 1601 నాటి పేదల సహాయ చట్టం ముసలివాళ్లను, అనాథలను, పని దొరకనివాళ్లను పోషించే బాధ్యత పారిష్‌దేనని తేల్చింది. దీనికి ఓవర్సీర్లనే అధికారులు ఊళ్లో పేదల పన్ను వసూలు చేసేవారు. 1662 చట్టం వచ్చాక, తమకు భారమవుతారనిపించిన పరాయి ఊరి పేదలను వాళ్ల సొంత పారిష్‌కు తిప్పి పంపే వీలు కలిగింది. ఎవరిది ఏ ఊరు, ఎవరి తిండి ఖర్చు ఎవరు భరించాలి అన్న తగాదాలు తరతరాలు నడిచాయి.

పన్ను కట్టేవాళ్లందరూ వెస్ట్రీకి రావచ్చని పేరు. చాలాచోట్ల మాట చెల్లింది మాత్రం చర్చి గురువుకు, భూస్వామికి, పెద్ద రైతులకు. కొన్ని ఊళ్లలో ‘ఎంపిక వెస్ట్రీ’ పేరుతో కొందరే కూర్చుని ఖాళీలను తామే నింపుకునేవారు. 1818 నాటి చట్టంతో ఈ అసమానత శాసనానికెక్కింది. ఆస్తి విలువను బట్టి ఒక్కొక్కరికి ఒకటి నుంచి ఆరు ఓట్ల దాకా దక్కాయి. 1834లో పేదల చట్టాన్ని సవరించి, అనేక పారిష్‌లను కలిపిన యూనియన్లకు పేదల పోషణను అప్పగించారు. చర్చి పన్ను చెల్లించి తీరాలన్న నిబంధన 1868లో పోయింది. అప్పటికి వెస్ట్రీకి పెత్తనం మిగిలింది గానీ పని పెద్దగా మిగల్లేదు.

1894 చట్టం

మార్పుకు ఒత్తిడి పొలాల్లోంచి వచ్చింది. వార్విక్‌షైర్‌కు చెందిన జోసెఫ్ ఆర్చ్ నాయకత్వంలో 1872లో వ్యవసాయ కూలీల జాతీయ సంఘం ఏర్పడింది. 1884లో ఓటుహక్కు విస్తరించడంతో గ్రామీణ కూలీ కుటుంబాల పెద్దలకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు దక్కింది, ఆ మరుసటి ఏడు ఆర్చ్ స్వయంగా పార్లమెంటుకు వెళ్లాడు. 1888లో కౌంటీ కౌన్సిళ్లు వచ్చాయి. దేశానికి ప్రతినిధిని ఎన్నుకోగల కూలీకి తన ఊరి వ్యవహారంలో మాట లేకపోవడం ఎబ్బెట్టుగా తోచింది. గ్లాడ్‌స్టన్ లిబరల్ ప్రభుత్వం 1893లో బిల్లు తెచ్చింది. దాన్ని సభలో నడిపించినవాడు హెన్రీ ఫౌలర్. కన్సర్వేటివ్ నాయకుడు సాలిస్బరీకి ఈ ఆలోచన నచ్చలేదు. పల్లెవాళ్లకు వినోదం కావాలంటే ఇంతకన్నా సర్కసు మేలని ఎద్దేవా చేశాడు. 1894 మార్చిలో బిల్లు చట్టమైంది.

300 మంది, అంతకు మించి జనాభా ఉన్న ప్రతి గ్రామీణ పారిష్‌కూ కౌన్సిల్ తప్పనిసరైంది. అంతకన్నా చిన్న ఊళ్లకు ఓటర్లందరూ కూర్చునే పారిష్ సభ ఏర్పాటు చేశారు. చట్టంలోని చిన్న నిబంధనల్లోనే దాని అసలు ఉద్దేశం కనిపిస్తుంది. పారిష్ సభ సాయంత్రం ఆరు గంటలకు ముందు మొదలు కాకూడదు. పొలం పని ముగించుకున్న కూలీ కూడా రావాలి కదా. వేరే చోటు దొరికినంతవరకు సారా అమ్మే దుకాణంలో సమావేశం పెట్టకూడదు. స్త్రీలు, పెళ్లయినవాళ్లతో సహా, ఓటు వేయవచ్చు, పోటీ చేయవచ్చు. పార్లమెంటు ఎన్నికల్లో ఇంగ్లండ్ స్త్రీలకు ఓటు రావడానికి ఇంకా 24 ఏళ్లు పట్టింది.

1894 డిసెంబరులో తొలి ఎన్నికలు జరిగాయి. సభలో చేతులెత్తి ఓటు వేసేవారు. ఎవరైనా కోరితే విడిగా పోలింగ్ పెట్టేవారు. భూస్వామి చూస్తుండగా కౌలుదారు చెయ్యెత్తడం తేలిక కాదు. ఈ పద్ధతి దశాబ్దాలపాటు సాగింది. అయినా కూలీలు, చేతివృత్తులవాళ్లు, చిన్న దుకాణదారులు మొదటిసారి పెద్ద రైతుల పక్కన సభ్యులుగా కూర్చున్నారు. సొమ్ము విషయంలో మాత్రం చట్టం పిసినారిగా ఉంది. పన్ను విధింపు విలువలో పౌనుకు మూడు పెన్నీలు మించితే పారిష్ సభ అనుమతి కావాలి. అనుమతి ఉన్నా ఆరు పెన్నీలే గరిష్ఠం. ఆ డబ్బుతోనే కాలిబాటల వంటి పనులు చూసుకోవాలి. పేదలు కూరగాయలు పండించుకోవడానికి చిన్న మడులు కౌలుకు ఇప్పించడం తొలి కౌన్సిళ్ల ముఖ్యమైన పని. 1908 చట్టం ఆ బాధ్యతను గట్టిపరిచింది.

ఊరి కబురు, ప్రకటన

పారిష్ పని ఎంత పాతదో దాన్ని ఊరికి తెలిపే పద్ధతీ అంత పాతది. తొలినాళ్లలో ఆదివారం ప్రార్థన మధ్యలోనే వెస్ట్రీ సమావేశాల సంగతి చదివి వినిపించేవారు. 1837 చట్టం ఆ ఆచారాన్ని మాన్పించి, ప్రకటనలు రాసి చర్చి తలుపు మీదో పక్కనో అంటించమంది. ఊరి నోటీసు బోర్డుకు పూర్వరూపం ఆ తలుపే.

డర్బీ పట్టణంలో జాన్ ఎర్స్‌కిన్ క్లార్క్ అనే చర్చి గురువు 1859లో పారిష్ పత్రికను ప్రారంభించాడు. కథలు, బోధలు ఒకేచోట అచ్చయ్యేవి. ఏ ఊరికి ఆ ఊరు తన కబుర్ల పేజీలను వాటికి చుట్టి పంచుకునేది. ఈ పద్ధతి దేశమంతా పాకింది. పెళ్లిళ్లు, మరణాలు, పూల ప్రదర్శన, క్రికెట్ పోటీ, కౌన్సిల్ తీర్మానం ఒకే పుటలో చోటు చేసుకున్నాయి. ప్రాంతీయ వారపత్రికలు కూడా ఊరిపేరు శీర్షికగా పెట్టి ఇలాంటి వార్తలు వేసేవి.

సమావేశ మందిరంలోకి అడుగుపెట్టే హక్కు ఆలస్యంగా వచ్చింది. 1908లోనే వచ్చిన మరో చట్టం విలేకరులను స్థానిక సంస్థల సమావేశాలకు రానిచ్చింది గానీ, కమిటీగా కూర్చున్నామని చెప్పి కౌన్సిళ్లు తలుపు మూసేసే వీలు మిగిలింది. అచ్చు కార్మికుల సమ్మె రోజుల్లో కొన్ని కౌన్సిళ్లు విలేకరులను బయట ఉంచడం వివాదమైంది. కొత్తగా ఎన్నికైన మార్గరెట్ థాచర్ పార్లమెంటులో తన తొలి ప్రసంగం ఈ విషయంపైనే చేసింది. ఆమె ప్రతిపాదించిన బిల్లు 1960లో చట్టమైంది. విలేకరులకే కాక సామాన్యులకూ సమావేశానికి వచ్చే హక్కు దక్కింది. మూడు రోజుల ముందు నోటీసు పెట్టడం తప్పనిసరైంది. 2014 నిబంధనలతో సమావేశాన్ని ఎవరైనా చిత్రీకరించవచ్చు. 2015 నుంచి ఏడాది లావాదేవీలు 25 వేల పౌన్లు మించని చిన్న కౌన్సిళ్లు సైతం అజెండాలు, మినిట్స్, ఖర్చుల వివరాలు అంతర్జాలంలో పెట్టాలి.

1972 చట్టం తర్వాత

పారిష్ కౌన్సిళ్ల జాతీయ సంఘం 1947లో ఏర్పడింది. 1957 చట్టం బస్ షెల్టర్లు, దారిపక్క బల్లలు, ఊరి గడియారాలు ఏర్పాటు చేసే అధికారం ఇచ్చింది. 1972 స్థానిక ప్రభుత్వ చట్టం 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చి గ్రామీణ జిల్లాలను రద్దు చేసింది. పారిష్‌లు మాత్రం నిలిచాయి. వేల్స్‌లో వాటి స్థానంలో కమ్యూనిటీ కౌన్సిళ్లు వచ్చాయి. స్కాట్లండ్‌లో పారిష్ కౌన్సిళ్లు అంతకు చాలా ముందే, 1930లో, ముగిసిపోయాయి. 2007 చట్టం లండన్‌లోనూ వీటికి దారి తెరిచింది. వెస్ట్‌మినిస్టర్‌లోని క్వీన్స్ పార్క్ 2014లో తొలి కౌన్సిల్‌ను ఎన్నుకుంది. 2020లో ఏర్పడిన నార్తాంప్టన్ టౌన్ కౌన్సిల్ కింద లక్షకు పైగా జనాభా ఉంది. కొన్ని పారిష్‌లలో వందమంది కూడా ఉండరు.

2011 లోకలిజం చట్టం రెండు కొత్త అవకాశాలు ఇచ్చింది. సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది ఎన్నికై వచ్చి, క్లర్క్‌కు తగిన అర్హత ఉంటే, చట్టం నిషేధించని ఏ పనైనా కౌన్సిల్ చేపట్టవచ్చు. ఊళ్లో ఇళ్లు ఎక్కడ కట్టాలో చెప్పే స్థానిక ప్రణాళిక రాసి ప్రజాభిప్రాయ సేకరణకు పెట్టవచ్చు. కంబ్రియాలోని అప్పర్ ఈడెన్ 2013లో ఇలాంటి ప్రణాళికను తొలిసారి ఆమోదించింది. సోమర్‌సెట్‌లోని ఫ్రోమ్ పట్టణంలో 2011లో పార్టీలతో సంబంధంలేని స్వతంత్రుల బృందం ఆధిక్యం సాధించింది. 2015లో మొత్తం 17 స్థానాలూ గెలిచింది.

కోవిడ్ కాలంలో తాత్కాలిక నిబంధనలతో సమావేశాలు తెరల మీద జరిగాయి. చెషైర్‌లోని హ్యాండ్‌ఫోర్త్ కౌన్సిల్‌లో 2020 డిసెంబరులో జరిగిన ఒక గొడవ వీడియో 2021 ఫిబ్రవరిలో దేశమంతా పాకింది. పారిష్ కౌన్సిల్ ఒకటుందని చాలామంది పట్టణవాసులకు అప్పుడే తెలిసింది. ఆ సడలింపు 2021 మే 7న ముగిసి, కౌన్సిళ్లు మళ్లీ మందిరాలకు చేరాయి.

పనితీరు

కౌన్సిల్‌లో కనీసం ఐదుగురు సభ్యులుంటారు. నాలుగేళ్లకోసారి ఎన్నిక. పోటీ లేక ఏకగ్రీవమయ్యే స్థానాలు, సభ్యులే ఇతరులను పిలిచి నింపే ఖాళీలు చాలాచోట్ల మామూలు. అధ్యక్షుణ్ణి సభ్యులు ఏటా తమలోంచి ఎన్నుకుంటారు. ప్రిసెప్ట్ అనే తన పన్నును కౌన్సిల్ నేరుగా వసూలు చేయదు. పై అంచె కౌన్సిల్ తన పన్నుతో కలిపి వసూలు చేసి ఇస్తుంది. ఇళ్ల నిర్మాణ దరఖాస్తులపై పారిష్ అభిప్రాయం చెబుతుంది, నిర్ణయం పైవాళ్లది. ఆట స్థలాలు, గడ్డి కోత, శ్మశానం, కూరగాయల మడులు, కుక్కల మలం, వాహనాల వేగం దాని రోజువారీ అజెండా. బ్రిటిష్ టెలికాం వాడకం తగ్గిన ఎర్ర ఫోన్ పెట్టెలను ఒక్కో పౌనుకు అమ్మే పథకం పెట్టాక, అనేక కౌన్సిళ్లు వాటిని కొని చిన్న గ్రంథాలయాలుగా, గుండె ఆగినప్పుడు వాడే డీఫిబ్రిలేటర్ ఉంచే చోట్లుగా మార్చాయి.

కౌన్సిల్‌తో పాటు పారిష్ సభ నేటికీ ఉంది. ఏటా మార్చి 1కీ జూన్ 1కీ మధ్య అది జరగాలి. కావాలనుకుంటే ఆరుగురు ఓటర్లు కలిసి సభ పిలవవచ్చు.

తెలుగు నేలతో పోలిక

తెలుగు గ్రామ పంచాయతీకి, పారిష్ కౌన్సిల్‌కు మూలాలు వేరు. పంచాయతీకి 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ అండ ఉంది. పారిష్‌కు ఉన్నది మామూలు చట్టం అండే. మన సర్పంచిని ఓటర్లు నేరుగా ఎన్నుకుంటారు, ఇంటి పన్ను పంచాయతీయే వసూలు చేస్తుంది. ఈ రెండిటిలోనూ పారిష్ కౌన్సిల్ వెనకే. పోలిక కనిపించేది పారిష్ సభకు, మన గ్రామసభకు మధ్య. ఓటర్లందరూ కూర్చుని అడిగే హక్కు రెండిటికీ ప్రాణం. అధికారాల సంగతి ఎలా ఉన్నా, ముందుగా నోటీసు, అందరికీ ప్రవేశం, చదువుకోవడానికి మినిట్స్ అన్న మూడు నియమాలను చట్టంగా మార్చి నిలుపుకోవడమే పారిష్ కౌన్సిల్ సాధించిన అసలు విజయం.