ఆర్మూర్ ప్రాంత రాతి కట్టడాలు

నిజామాబాద్ జిల్లాలో పసుపు, ఎర్రజొన్న పంటలకు పేరుపడిన ఆర్మూర్, 44వ, 63వ జాతీయ రహదారులు కలిసే పట్టణం. దాని చుట్టుపక్కల, పూర్వపు నిజామాబాద్ జిల్లా అంతటా గుహాలయాలు, శిల్పాలయాలు, కోటలు, ఆనకట్టలు ఉన్నాయి. కాలం, అవసరం వేరైనా వీటన్నిటికీ ముడిసరుకు రాయే.

శిలల నేపథ్యం

తెలంగాణలోని గ్రానైటు శిలలు చాలావరకు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. వీటి పగుళ్లలోకి నీరు దిగి, అంచులు అరిగి, పైమట్టి కొట్టుకుపోగా గుండ్లు మిగిలాయి. ఒకదానిపై ఒకటి పేర్చినట్టు కనిపించే ఆర్మూర్ గుట్టల రూపం ఇలా ఏర్పడిందే.

సిద్ధుల గుట్ట

పట్టణాన్ని ఆనుకున్న ఈ గుట్ట మీద నవనాథ సిద్ధేశ్వరాలయం ఉంది. తొమ్మిది మంది సిద్ధులు ఇక్కడ తపస్సు చేశారని స్థలపురాణం. ఎల్లోరా కైలాసాలయాన్ని కొండను పైనుంచి కిందికి తొలిచి మలిచారు. ఇథియోపియాలోని లాలిబెల చర్చిలూ శిలను తొలిచినవే. ఆర్మూర్‌లో మాత్రం గుండ్ల మధ్య సహజంగా ఏర్పడిన గుహే శివుడికి గుడి అయింది. ఇరుకైన సందుల్లో వంగి నడుస్తూ భక్తులు దర్శనానికి వెళ్తారు. గుట్టపైన రామాలయం కూడా ఉంది. మెట్లదారితో పాటు ఇప్పుడు ఘాట్ రోడ్డు అందుబాటులో ఉంది.

డిచ్‌పల్లి రామాలయం

ఈ ఆలయం ఆర్మూర్ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో, చిన్న గుట్ట మీద ఉంది. కాకతీయుల కాలపు శైలిలో ఉన్న దీన్ని 14వ శతాబ్దికి చెందినదిగా భావిస్తారు. గోడలు, స్తంభాల నిండా దేవతామూర్తులు, జంతువులు, శృంగార శిల్పాలు ఉండటంతో దీన్ని ‘ఇందూరు ఖజురాహో’ అంటారు. ఇందూరు నిజామాబాద్ పాత పేరు. ఆలయ నిర్మాణం అసంపూర్తిగా ఆగిపోయింది. 1323లో కాకతీయుల రాజధాని ఓరుగల్లు పతనమయ్యాక రేగిన అలజడే ఇందుకు కారణమని ఒక అభిప్రాయం. గుట్ట కింద కోనేరు, దాని మధ్యలో మండపం ఉన్నాయి.

కోటలు

నిజామాబాద్ ఖిల్లాలో రఘునాథాలయం ఉంది. నిజాం పాలనలో ఖిల్లా జైలుగా మారింది. ఆ పాలన చివరి రోజుల్లో ఇక్కడ బందీగా ఉన్న కవి దాశరథి కృష్ణమాచార్య, జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశారు. సాహితీవేత్త వట్టికోట ఆళ్వారుస్వామి అప్పట్లో ఆయన తోటి ఖైదీ.

దోమకొండ కోట 18వ శతాబ్దిలో కామినేని వంశస్థుల సంస్థాన కేంద్రంగా రూపుదిద్దుకుంది. చుట్టూ కందకం, రాతి ప్రాకారం, లోపల గచ్చుపనితో అలంకరించిన మేడలు ఉన్నాయి. ఆవరణలోని మహాదేవాలయం కోట కంటే చాలా పాతది, కాకతీయుల నాటిది. 2016 జిల్లాల విభజనతో ఈ కోట కామారెడ్డి జిల్లాలోకి వెళ్లింది.

నిజాంసాగర్

చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, 1923-31 మధ్య మంజీర నదిపై ఈ రాతి ఆనకట్ట కట్టారు. రూపశిల్పి ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. దీని కాలువల నీటితో జిల్లాలో వరి, చెరకు సాగు పెరిగింది. 1930ల చివర బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది.

పరిరక్షణ

దోమకొండ కోటను పాలకుల వారసులే బాగుచేయించారు. ప్రైవేటు చొరవతో సాగే వారసత్వ పరిరక్షణకు ఆసియా-పసిఫిక్ ప్రాంతంలో యునెస్కో ఇచ్చే పురస్కారాల్లో ఈ కోటకు 2022లో అవార్డ్ ఆఫ్ మెరిట్ దక్కింది.