విజయనగరపు టంగళ్లు: కరవుసీమ వర్తకుల కొక పాఠము

వర్తకము వృత్తిగాఁ గల మన కులసభ సంచికకు విజయనగరపు టంగళ్ల చరిత్రము తగియుండునని మేము తలంచితిమి. మా తనకల్లు సీమయు నొకప్పు డా రాజుల యేలుబడిలోనిదే.

హంపీలో విరూపాక్ష, విఠ్ఠల దేవాలయముల యెదుట నిడుపైన రాతిమంటపముల వరుసలు నేఁటికిని గలవు. అవి నాఁటి యంగడివీథులు. 1443లో వచ్చిన పారసీక రాయబారి అబ్దుర్ రజాక్, కెంపులు, పచ్చలు, వజ్రములు బహిరంగముగా విక్రయింపఁబడుట చూచి వర్ణించెను. 1520 ప్రాంతమున వచ్చిన పోర్చుగీసు యాత్రికుఁడు పేయిస్, దినమున కొక పేటలో సంత జరుగుచుండెనని వ్రాసెను.

అయినను, ఆ నగరమునకుఁ గావలసిన తిండియు సరకులును బయటినుండియే వచ్చుచుండెను. దినమునకు రెండువేల పెరికెయెద్దులు ద్వారమున సుంకము చెల్లించి లోనికిఁ బోవుచుండెనని 1535 ప్రాంతమున న్యూనిజ్ తెలిపెను. కాఁబట్టి పల్లెలోని రైతును, ఎద్దులను దోలువాఁడును రత్నాల యంగడికి ఆధారభూతులు. 1565లో రాక్షస తంగడి యుద్ధానంతరము రాచకుటుంబము పెనుకొండకుఁ దరలెను. హంపీలో మంటపములు మిగిలెను గాని బేరము సాగలేదు.

ఇఁక మన సీమ మాట. 1876–78లో ధాత కరవు వచ్చినప్పుడు కదిరి తాలూకా కడపజిల్లాలో నుండెను. గుత్తి మీదుగా రైలుమార్గ మప్పటికే పడియుండెను. ధాన్యమును రైళ్లమీఁదఁ బోవుచుండెను. కాని కూలివాని చేతిలోని డబ్బునకు ధర యందలేదు. మద్రాసు రాజధానిలో లక్షలకొలఁది జనులు మరణించిరి. ధర యింకను బెరుగునని గింజలు దాఁచిన వర్తకులును గలరు. మన సంచికలో నీమాట వ్రాయుట మాకుఁ గష్టముగానే యున్నది. అయినను మఱుఁగుపఱచినచో నది చరిత్రము గాదు.

కౌటిల్యుఁడు తన యర్థశాస్త్రమునఁ దూనికలకుఁ బ్రత్యేకాధికారిని నియమింపవలెననెను. వర్తకులు కూడఁబలుకుకొని సరకు నాఁపినచో వేయిపణముల దండము విధించెను. ఈ దోషము ప్రాచీనమైనది. దానికి మందును బ్రాచీనమే.

మన పీఠభూమిలో వానలు తప్పుట క్రొత్త గాదు. వేరుసెనగ మూటతో వచ్చిన రైతునకు సరియైన తూనికయు, కరవునాఁడు సరసమైన ధరయు నిచ్చు అంగడియే యూరికిఁ బ్రాణాధారము. కావున నీ మహాసభవారు కరవు సంవత్సరముల కొక ధాన్యనిధి నేర్పఱుపఁ బ్రార్థించుచున్నాము. పోషకు లందులకు మొదటి బస్తాల నిచ్చినచో, మన పూర్వులు పడిన ఋణములో నొక పాలు తీఱును.