పక్షవాతం: వైద్యునికి తప్పక చెప్పవలసిన రెండు సంగతులు

సరిహద్దు పల్లెల్లోని తెలుగు కుటుంబాలకు పెద్దాసుపత్రి తరచు మరొక భాష మాట్లాడే ఊరిలో ఉంటుంది. పావగడలోనైనా, హోసూరులోనైనా, రాయగడలోనైనా, సిరోంచలోనైనా మనవారు ఇంట తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో మాట్లాడుతూ తరతరాలుగా జీవిస్తున్నారు. ఇటువంటి ఇంట ఎవరికైనా పక్షవాతం వచ్చినప్పుడు, వెంట వెళ్ళినవారు వైద్యునికి రెండు సంగతులు చెప్పగలగాలి. మొదటిది, రోగి చివరిసారిగా బాగున్నట్లు చూసిన సమయం. రెండవది, రోగి ఇంటి భాష. మొదటిదానిపై చికిత్స ఆధారపడి ఉంటుంది. రోగికి మాట ఎంత పోయినదీ ఎంత మిగిలినదీ తెలియాలంటే రెండవది తప్పనిసరి. ఈ విషయమై జరిగిన ముఖ్య పరిశోధనలను పాఠకుల కోసం ఇక్కడ వివరిస్తున్నాము.

వ్యాధి స్వరూపం

పక్షవాతం చేతికో కాలికో వచ్చే జబ్బు కాదు. ఇది మెదడుకు వచ్చే జబ్బు. మెదడులోని రక్తనాళంలో గడ్డ అడ్డుపడి రక్తప్రసారం నిలిచిపోవడం ఒక రకం. రక్తనాళం చిట్లి మెదడులో నెత్తురు చేరడం రెండవ రకం. మొదటి రకమే ఎక్కువ. పైకి రెండూ ఒకే విధంగా కనిపిస్తాయి. సి.టి. స్కాను తీస్తే తప్ప ఏది ఏదో తేలదు. గడ్డను కరిగించే మందు నెత్తురు చిట్లిన రోగికి ప్రాణాంతకం కాగలదు. కనుక స్కానుకు ముందు ఇంటివారు ఆస్పిరిన్ వంటి మాత్రలు వేయరాదు. మింగే శక్తి తగ్గి ఉండవచ్చు కాబట్టి నీరు, ఆహారం కూడా ఇవ్వరాదు.

నోరు ఒక పక్కకు వంకరపోవడం, ఒక చేయి పైకెత్తినా జారిపోవడం, మాట తడబడడం లేదా పడిపోవడం ముఖ్య లక్షణాలు. వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా వెంటనే బయలుదేరాలి. కొన్ని నిమిషాలలో లక్షణాలు తగ్గిపోయినా ఊరక ఉండరాదు. అది రాబోయే పెద్ద పక్షవాతానికి ముందస్తు హెచ్చరిక కావచ్చు.

మొదటి సంగతి: సమయం

1995 డిసెంబరులో అమెరికా పరిశోధకులు ఒక ముఖ్య ఫలితాన్ని ప్రకటించారు. లక్షణాలు మొదలైన 3 గంటలలోపు ఆల్టెప్లేజ్ అనే గడ్డ కరిగించే మందును 624 మంది రోగులలో పరీక్షించగా, మూడు నెలల తరువాత వైకల్యం లేకుండానో అతి స్వల్ప వైకల్యంతోనో బయటపడే అవకాశం మందు పొందినవారిలో కనీసం 30 శాతం అధికంగా కనిపించింది. దీనిలో ప్రమాదం కూడా ఉన్నది. లక్షణాలు ముదిరేటంతగా మెదడులో రక్తస్రావం మందు పొందినవారిలో 6.4 శాతం మందికి, పొందనివారిలో 0.6 శాతం మందికి కలిగింది. అందుచేతనే వైద్యులు అన్నీ విచారించి గాని ఈ మందు ఇవ్వరు. 2008లో వెలువడిన ఐరోపా పరిశోధనతో ఈ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది.

పెద్ద రక్తనాళం మూసుకుపోతే, సన్నని గొట్టం ద్వారా గడ్డను బయటకు లాగివేసే పద్ధతి మేలని 2015లో ప్రచురితమైన ఐదు పరిశోధనలు నిరూపించాయి. ప్రత్యేక స్కానులలో మెదడు కణజాలం ఇంకా మిగిలి ఉన్నట్లు తేలిన కొందరికి 24 గంటల వరకు కూడా ఇది ఉపకరిస్తుందని 2018లో తెలిసింది. ఇంత గడువు ఉన్నది కదా అని ఆలస్యం చేయరాదు. పెద్ద రక్తనాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు నశిస్తాయని 2006లో అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ లెక్కకట్టారు. పసరు మందు కోసమో, పావురం నెత్తురు మర్దన కోసమో, తెల్లవారనిమ్మనో ఆగిన ప్రతి గంటా ఈ లెక్కలోకే వస్తుంది.

సమయాన్ని ఎలా చెప్పాలి? రోగి నిద్ర లేచేసరికే చేయి పడిపోయి ఉంటే, లేచిన వేళ చెప్పడం పొరపాటు. రాత్రి చివరిసారి బాగా మాట్లాడిన వేళ చెప్పాలి. ఉజ్జాయింపుగా కాక, గుర్తుపెట్టుకుని చెప్పాలి.

రెండవ సంగతి: భాష

మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదివే బాలుని అవ్వకు పక్షవాతం వచ్చి సరిహద్దు దాటి ఒక ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడివారు కన్నడంలో ప్రశ్నలు వేశారు. ఆమె బదులు చెప్పలేదు. మాట గ్రహించే శక్తి పోయినదని కాగితంపై వ్రాసుకున్నారు. అప్పుడు మనవడు వంగి, “అవ్వా, నీ పేరేమి?” అని అడిగాడు. నాలుక మందంగా తిరిగినా ఆమె తన పేరు సరిగానే చెప్పింది. ఆమెకు కన్నడం మొదటినుంచీ అంతంత మాత్రమే. వ్రాసిన కాగితం దిద్దవలసి వచ్చింది.

మెదడు దెబ్బతిని భాష కోల్పోవడాన్ని వైద్యులు అఫేసియా అంటారు. రెండు భాషలు తెలిసినవారిలో ఏ భాష ముందు తిరిగి వస్తుంది? తొలుత నేర్చిన భాషే నిలుస్తుందన్న అభిప్రాయం ఫ్రెంచి పండితుడు రిబో పేర ప్రసిద్ధమైనది. ఎక్కువగా వాడుకలో ఉన్న భాష ముందు వస్తుందని 1895లో ఫ్రాన్సుకే చెందిన పీత్ర్ వాదించారు. ఏ ఒక్క సూత్రమూ అందరికీ వర్తించదని తరువాతి అనుభవం తెలిపింది. చాలామందిలో రెండు భాషలూ ఇంచుమించు సమానంగా కోలుకుంటాయి. కొందరిలో ఒకటి ముందు, ఒకటి వెనుక. కాబట్టి రోగిని అతనికి తెలిసిన అన్ని భాషలలోను పరీక్షించడమే న్యాయం.

ఈ విషయంలో తెలుగునాట జరిగిన ఒక పరిశోధన ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి, సుభాష్ కౌల్ ప్రభృతులు 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. పక్షవాతం తరువాత జ్ఞాపకశక్తి, ఏకాగ్రత వంటి మానసిక శక్తులు మామూలుగా నిలిచినవారు రెండు భాషలవారిలో 40.5 శాతం, ఒకే భాషవారిలో 19.6 శాతం. వయస్సు, రక్తపోటు, మధుమేహం, పొగత్రాగడం వంటివి లెక్కలోకి తీసుకున్నా ఈ భేదం నిలిచింది. అయితే అఫేసియా కలిగినవారి నిష్పత్తిలో రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే రెండు భాషలు తెలియడం పక్షవాతాన్ని ఆపదు, మాట పడిపోకుండానూ కాపాడదు. దెబ్బ తగిలిన తరువాత ఆలోచనాశక్తి నిలబడడానికి తోడ్పడుతున్నట్లు మాత్రం కనిపిస్తున్నది. నిత్యం ఒక భాషనుండి మరొక భాషకు మారుతూ జీవించే హైదరాబాదు వంటి చోటి ఫలితం అన్ని ప్రాంతాలకూ వర్తించకపోవచ్చునని పరిశోధకులే హెచ్చరించారు. సరిహద్దు ఇండ్లలో పిల్లలకు తెలుగు మాన్పించి బడి భాష ఒక్కటే చాలనుకునే తల్లిదండ్రులు ఈ సంగతి కూడా ఒకమారు ఆలోచించదగును.

కోలుకొనే కాలం

తొలి 24 గంటలలోనే రోగిని పదేపదే లేపి ఎక్కువసేపు నడిపించడం మేలు కన్నా కీడే చేయవచ్చునని 2,104 మందిపై జరిగి 2015లో వెలువడిన పరిశోధన తెలిపింది. ఎప్పుడు లేపాలో వైద్యుడే నిర్ణయించాలి. మన దేశంలో 14 ఆసుపత్రులలో 1,250 మందిపై జరిగిన మరొక పరిశోధన 2017లో వెలువడింది. మామూలు చికిత్సకు తోడు, ఇంటివారికి వ్యాయామాలు చేయించే శిక్షణ ఇచ్చినా ఆరు నెలల తరువాత ఫలితంలో తేడా రాలేదు. ఇంటివారి సేవ వ్యర్థమని దీని భావం కాదు. ఫిజియోథెరపిస్టును మాని అంతా ఇంట్లోనే చేసుకోవచ్చుననడానికి ఆధారం లేదని గ్రహించాలి. మాట పోయినవారితో ఇంటి భాషలో, చిన్న వాక్యాలలో, నెమ్మదిగా మాట్లాడాలి. బిగ్గరగా అరవనక్కరలేదు. వారికి లోపించినది వినికిడి కాదు. బదులు వచ్చేవరకు ఓపిక పట్టాలి.

రాకుండా కాపాడుకోవడం

భారతదేశంతో సహా 22 దేశాలలో జరిగి 2010లో వెలువడిన పరిశోధన ప్రకారం, పక్షవాతపు ముప్పులో దాదాపు 90 శాతానికి పది కారణాలే మూలం. వాటిలో ప్రధానమైనది అధిక రక్తపోటు. పై అంకె 10 తగ్గితే పక్షవాతం ముప్పు సుమారు 27 శాతం తగ్గుతుందని 2016లో అనేక పరిశోధనలను కలిపి చూసిన సమీక్ష తేల్చింది. బాగుందని మాత్రలు మానివేయడం మన పల్లెల్లో సర్వసాధారణమైన పొరపాటు. ఉప్పు రోజుకు 5 గ్రాములలోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఊరగాయ, అప్పడం, ఊరమిరపకాయలలోని ఉప్పు కూడా ఈ లెక్కలోనిదే. పొగాకు, మద్యం మానాలి. మధుమేహాన్ని అదుపులో ఉంచాలి.

చివరగా ఒక మనవి. సి.టి. స్కాను, గడ్డ కరిగించే మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో, అది సరిహద్దుకు ఇవతలనో అవతలనో, ఈ వారమే విచారించి ఉంచుకోండి. తెలుగు రాష్ట్రాలతోపాటు కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలోనూ అంబులెన్సుకు 108 నంబరే. ఒక కాగితంపై ఇంటి పెద్దలు వాడే మందుల పేర్లు, వారు బాగా మాట్లాడే భాష వ్రాసి క్యాలెండరు వెనుక అంటించండి. చివరిసారి బాగున్న వేళ అనే గడి ఒక్కటి ఖాళీగా వదలండి. దానిని నింపవలసిన అవసరం ఏ ఇంటికీ రాకూడదని కోరుకుందాము. వస్తే మాత్రం వెంటనే నింపి బయలుదేరండి.