ముక్కులోని కండ

ముక్కున పెరిగిన కండను కోసివేసినను మరల నేల వచ్చును? ఇది పురాతన ప్రశ్న. సుశ్రుతుడు ఈ వ్యాధిని నాసార్శస్సు అనెను. హిపోక్రటీసు పేరిటనున్న గ్రీకు గ్రంథములలో, దారములు కట్టిన స్పంజిని ముక్కునుండి నోటిలోనికి లాగి కండను ఊడదీయు విధానము కలదు. 1922లో పారిస్ వైద్యుడు విడాల్ ఈ కండకును, ఉబ్బసమునకును, ఆస్పిరిన్ పడకపోవుటకును గల సంబంధమును వెల్లడించెను. కండ కొమ్మ మాత్రమే. వేరు లోపలి పొరయందలి వాపు.

2019లో ప్రకటితమైన బెల్జియం పరిశీలనమున, శస్త్రచికిత్స జరిగిన 12 సంవత్సరములకు పరీక్షింపబడిన 38 మందిలో 30 మందికి కండ మరల పెరిగెను. 14 మంది తిరిగి కోత చేయించుకొనిరి. అయినను వారి బాధ మునుపటికంటె తగ్గియే యుండెను. కావున కోత వ్యర్థము కాదు. కోతతో పని తీరెనని ముక్కులో చల్లు మందును మానుటయే పొరపాటు. పైన కోసిన కలుపు వేరుతో పోదని రైతు సోదరులకు వేరుగ చెప్పవలెనా?