గౌట్

కీళ్లలో యూరేట్ స్ఫటికాలు పేరుకుని వాపు, తీవ్రమైన నొప్పి తెచ్చే జబ్బు గౌట్. దీనికి దగ్గరి లక్షణాలను ఆయుర్వేదం వాతరక్తం కింద చెబుతుంది. శరీర కణాల్లోనూ ఆహారంలోనూ ఉండే ప్యూరిన్లు చివరికి యూరిక్ ఆమ్లంగా మారతాయి. మూత్రపిండాలు దాన్ని తగినంతగా బయటికి పంపలేకపోవడమే ఎక్కువ మందిలో అసలు కారణం. రక్తంలో అది డెసీలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే స్ఫటికాలు ఏర్పడే వీలుంటుంది. వంశపారంపర్యం, ఊబకాయం, కొన్ని బీపీ మాత్రలు, మద్యం ముప్పును పెంచుతాయి. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామాల్లో మండువేసవి తునికాకు కోతల వేళ ఒంట్లో నీరు తగ్గడం, ఇప్పసారా తాగడం జబ్బున్నవారిలో నొప్పిని రేపగలవు.

నొప్పి తరచూ రాత్రిపూట కాలి బొటనవేలి మొదట్లో మొదలవుతుంది. గంటల్లోనే కీలు ఎర్రగా ఉబ్బి, దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేనంతగా సలుపుతుంది.

నొప్పి ఉధృతంగా ఉన్నప్పుడు రక్తంలో యూరిక్ ఆమ్లం మామూలుగానే కనిపించవచ్చు కాబట్టి ఆ ఒక్క పరీక్షను నమ్ముకోకూడదు. కీలు నుంచి సూదితో తీసిన ద్రవాన్ని పోలరైజ్డ్ సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు సూదుల్లాంటి స్ఫటికాలు కనిపిస్తే నిర్ధారణ ఖాయం. 1961లో మెకార్టీ, హోలాండర్ అనే వైద్యులు ఈ పద్ధతికి బాట వేశారు.

ఆదివాసులు ఎక్కువగా ఉండే ఇలాంటి ఏజెన్సీ గ్రామాల్లో నిర్ధారణకు ముందు మరో జాగ్రత్త చాలా ముఖ్యం. కోయ తదితర ఆదివాసుల్లో కనిపించే సికిల్‌సెల్ జబ్బులోనూ ఎముకలు, కీళ్లు నొప్పి పెడతాయి. ఎర్రకణాలు త్వరగా నశించడం వల్ల యూరిక్ ఆమ్లమూ పెరగవచ్చు. పిల్లల్లో, యువతలో ఇలాంటి నొప్పి వస్తే ముందు సికిల్‌సెల్ పరీక్ష చేయించడం అవసరం.

2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 5.58 కోట్ల మందికి గౌట్ ఉన్నట్లు అంచనా. మగవారిలో ఇది మూడు రెట్లకు పైగా ఎక్కువ; స్త్రీలలో ముట్లు ఆగిన తర్వాత పెరుగుతుంది.