ఒక కోణం, రెండు పేర్లు: వైమానిక పరిభాష స్థిరపడిన తీరు

ఒక శాస్త్రంలో ఒక మాట ఎప్పుడు, ఏ అవసరం వల్ల, ఏ అర్థానికి కట్టుబడుతుందన్నది ఆ శాస్త్రానికే కాక భాషా చరిత్రకు కూడా చెందిన ప్రశ్న. విమానానికీ గాలికీ మధ్య ఏర్పడే కోణాల పేర్లు, గుర్తులు స్థిరపడిన క్రమం ఇందుకు మంచి ఉదాహరణ. గుర్తుగా ఏ అక్షరం పెట్టాలన్నది ఇందులో చిన్న విషయం. కోణాన్ని దేని నుంచి కొలవాలన్నదే అసలు వివాదం. ఈ వ్యాసం ప్రధానంగా ఆల్ఫా అనే గుర్తు వెనుక ఉన్న పేర్లను పరిశీలిస్తుంది.

1901 జూలైలో లండన్‌లోని ‘ఏరోనాటికల్ జర్నల్’ విల్బర్ రైట్ రాసిన చిన్న వ్యాసాన్ని ప్రచురించింది. దాని శీర్షిక ‘యాంగిల్ ఆఫ్ ఇన్సిడెన్స్’. రైట్ సోదరుల ఇంజను విమానం ఎగరడానికి (1903 డిసెంబర్ 17) అప్పటికి ఇంకా రెండేళ్లకు పైగా వ్యవధి ఉంది. ఎగిరే విద్య గురించి ఆయన అచ్చులో చెప్పిన తొలి మాటల్లో ఒకటి పారిభాషిక పద నిర్వచనం కావడం గమనార్హం. క్షితిజరేఖతో రెక్క చేసే కోణాన్నీ, ఎదురు వచ్చే గాలితో చేసే కోణాన్నీ ఒకే పేరుతో వ్యవహరిస్తే లెక్కలు తారుమారవుతాయి. అందుకే రెక్కా గాలీ నిజంగా కలుసుకొనే కోణానికే ఈ పేరును పరిమితం చేయాలని ఆయన కోరాడు. ఎగిరే యంత్రం బరువు, రెక్కల వైశాల్యం, వేగం కలిసి ఆ కోణాన్ని నిర్ణయిస్తాయని, నేలతో దానికి సంబంధం లేదని ఆయన వాదం.

నిర్వచనం నిలిచింది కాని పేరు నిలవలేదు. బ్రిటిష్, ఫ్రెంచి రచయితలు ఆల్ఫాను ‘ఇన్సిడెన్స్’ అనే అన్నారు. అమెరికాలో అదే కోణం ‘యాంగిల్ ఆఫ్ అటాక్’ అయింది. ‘ఇన్సిడెన్స్’ అన్న మాట అక్కడ విమాన దేహానికి రెక్కను బిగించిన కోణానికి మళ్లింది. ఒకటి ఎగిరేటప్పుడు క్షణక్షణం మారేది, మరొకటి సాధారణంగా కర్మాగారంలోనే స్థిరపడేది. సముద్రానికి ఇటూ అటూ ఒకే ఆంగ్ల పదం ఈ రెండింటినీ మోసింది. జర్మన్‌లో ఈ చిక్కు లేదు. ‘ఆన్‌ష్టెల్‌వింకెల్’, ‘ఐన్‌ష్టెల్‌వింకెల్’ అంటూ ఉపసర్గ ఒక్కటి మార్చి రెండింటినీ వేరు చేసుకున్నారు. ఉపసర్గల బలం తెలిసిన సంస్కృత, తెలుగు అధ్యేతలకు ఈ పద్ధతి కొత్తగా తోచదు.

గుర్తుల కథ వేరు. విమాన స్థిరత్వానికి గణిత రూపమిచ్చిన జి. హెచ్. బ్రయన్ గ్రంథం 1911లో వచ్చింది. అమెరికా ప్రభుత్వం 1915లో నెలకొల్పిన వైమానిక సలహా సంఘం, ఎన్.ఏ.సి.ఏ., తన నివేదికలలో ఒక గుర్తుల పట్టికను అచ్చువేస్తూ వచ్చింది. అందులో రోల్‌కు ఫై, పిచ్‌కు థీటా, యాకు సై. పేర్లు మూడూ నావికుల భాష నుంచి వచ్చినవే. సోవియట్ ప్రమాణం గోస్ట్ 20058-80లో మాత్రం రోల్ కోణానికి గామా, పయన మార్గపు వాలుకు థీటా. పాశ్చాత్య గ్రంథాలలో పయన మార్గపు వాలే గామా. అంటే రష్యన్ పుస్తకంలోని సమీకరణాన్ని అక్షరం మార్చకుండా ఎత్తిరాస్తే అది తప్పవుతుంది. గాలి సొరంగంలో మరో చిక్కు: అక్కడ గాలి దిశ మారదు కనుక నమూనాను కుడికి తిప్పితే యా కోణం ధనాత్మకం, పక్క జారుడు కోణం బీటా ఋణాత్మకం. పరిమాణం ఒకటే, చిహ్నం వ్యతిరేకం. ఈ కోణాలకు అంతర్జాతీయ ప్రమాణంగా ఐ.ఎస్.ఓ. 1151 తరువాత వచ్చింది.

ఈ భేదాలు కాగితానికే పరిమితం కావు. 2009 జూన్ 1న అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం ముక్కు చివరి నమోదు ప్రకారం క్షితిజానికి 16.2 డిగ్రీలు పైకి ఉంది. పయన మార్గం మాత్రం నిటారుగా కిందికి వాలింది. ఈ రెంటి మధ్య అంతరమే ఆల్ఫా, అది 35 డిగ్రీలకు మించి ఉంది. రెక్క విమానాన్ని మోయగల హద్దు ఎప్పుడో దాటింది. పైలట్ల ముందున్న పరికరాలు ముక్కు కోణాన్ని చూపాయి, ఆల్ఫాను నేరుగా చూపలేదు. మరణించినవారు 228 మంది. ఫ్రెంచి దర్యాప్తు సంస్థ 2012 నాటి తుది నివేదికలో ఆల్ఫా సూచికను పైలట్లకు అందుబాటులో ఉంచే విషయం పరిశీలించాలని సూచించింది. 1901లో విల్బర్ వేరు చేయమన్నది ఈ రెండు కోణాలనే.

ఇక తెలుగు సంగతి. మన భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలలో ‘యాంగిల్ ఆఫ్ ఇన్సిడెన్స్’కు పతన కోణం స్థిరపడింది. దానినే వైమానిక గ్రంథాల అనువాదానికి తెస్తే రెండు ప్రమాదాలు ఉన్నాయి. మూలం బ్రిటిష్‌దో అమెరికన్‌దో చూడకపోతే ఆల్ఫా, బిగింపు కోణం కలిసిపోతాయి. రెండవది మరింత లోతైనది: కాంతిశాస్త్రంలో పతన కోణాన్ని తలానికి గీసిన లంబం నుంచి కొలుస్తారు, వైమానిక శాస్త్రంలో రెక్క జ్యా నుంచి కొలుస్తారు. తలాన్ని ఒరుసుకుంటూ పోయే కిరణానికి పతన కోణం 90 డిగ్రీలు, గాలి వాలులోనే ఉన్న రెక్కకు ఆల్ఫా సున్నా. అందువల్ల పతన కోణాన్ని కాంతికే విడిచిపెట్టడం మేలు. ఆల్ఫాకు ‘దాడి కోణం’ మాటకు మాట అనువాదమే, వినసొంపుగానూ లేదు. అయినా మరే శాస్త్రంలోనూ దానికి పోటీ అర్థం లేదు కనుక దానినే అంగీకరించవచ్చు. రెక్కను బిగించిన కోణానికి ‘అమరిక కోణం’ సరిపోతుంది. నిఘంటుకర్తలు ఈ పదాల ఎదుట గుర్తుతో పాటు, ఏ రేఖ నుంచి ఏ రేఖకు కొలవాలో కూడా రాయవలసి ఉంటుంది.